బరువు ఎవరి మీద పడుతుంది? ఇంగ్లిష్ ట్రైలర్ మాటలకు డచ్ పేర్లు

లారీ విడిభాగాల పట్టిక ఒకటి ఇంగ్లిష్ నుంచి డచ్‌లోకి మార్చాలనుకుందాం. అందులో వరసగా మూడు మాటలున్నాయి: ఫిఫ్త్ వీల్, కింగ్‌పిన్, ల్యాండింగ్ గేర్. పక్కన బొమ్మ లేదు, వాక్యం లేదు, పార్ట్ నంబరు ఒక్కటే ఉంది. నిఘంటువు తెరిచి మాటకు మాట పెడితే ఐదో చక్రం, రాజు మేకు, విమానం కింద ఉండే చక్రాల అమరిక అని తేలుతుంది. మూడూ తప్పే.

నిజానికి ఈ మూడూ ఒకే చోట ఉంటాయి. ముందుండే ఇంజిన్ బండి వీపు మీద గ్రీజు పూసిన గుండ్రటి ఇనప పలక ఉంటుంది, అది ఫిఫ్త్ వీల్. వెనకాల వచ్చే సెమీ ట్రైలర్ అడుగున కిందికి పొడుచుకొచ్చిన మేకు కింగ్‌పిన్. అది పలకలోని గాడిలోకి దూరి లాక్ అవుతుంది. ఇంజిన్ బండి విడిపోయి వెళ్లాక ట్రైలర్ ముక్కు నేలకు తగలకుండా నిలబెట్టే రెండు కాళ్లు ల్యాండింగ్ గేర్. డచ్ మెకానిక్ వీటిని కొప్పెల్‌స్ఖోటెల్, కొప్పెల్‌పెన్, స్టోన్‌పోటెన్ అంటాడు. అంటే కలిపే పళ్లెం, కలిపే మేకు, ఊత కాళ్లు. (డచ్‌లో ఈ 'ఖ' గొంతు గీరుకుంటూ వస్తుంది. తెలుగు లిపిలో దాన్ని పూర్తిగా పట్టుకోలేం కాబట్టి ఇక్కడివన్నీ దగ్గరి ఉచ్చారణలు.) ఇంగ్లిష్ పేర్లు విని వస్తువు ఏం చేస్తుందో ఊహించడం కష్టం. డచ్ పేర్లు వింటే లారీ ఎప్పుడూ చూడనివాడికి కూడా సగం పని అర్థమవుతుంది.

ఐదో చక్రం అన్న పేరు గుర్రబ్బండి రోజులది. నాలుగు చక్రాల బండి మలుపు తిరగాలంటే ముందు ఇరుసు పక్కకు తిరగాలి. అందుకోసం ఇరుసుకూ బండి చట్రానికీ మధ్య పడుకోబెట్టినట్టుండే చక్రం ఒకటి పెట్టేవారు. నాలుగు నిలబడితే ఇది ఐదోది. మోటారు లారీలొచ్చాక ఆ పాత పేరే కొత్త పలకకు అంటుకుపోయింది. డచ్‌వాళ్లు ఆ పాత వస్తువును డ్రాయ్‌క్రన్స్, అంటే తిరిగే కడియం, అని వేరే పేరుతో అక్కడే ఉంచేశారు. కొత్త పలకకు స్ఖోటెల్ అని పేరు పెట్టారు. ఇంటి మీద టీవీ డిష్‌కీ, భోజనాల పళ్లేనికీ అదే మాట. ఇంతకీ డచ్‌లో 'బండికి ఐదో చక్రం' అంటే ఒక జాతీయం ఉంది. నలుగురి మధ్య అక్కర్లేని మనిషి అని దాని అర్థం, మన పానకంలో పుడకకు దగ్గరి చుట్టం. వర్క్‌షాప్ మాన్యువల్‌లో 'ఐదో చక్రానికి గ్రీజు పెట్టండి' అని అక్షరాలా డచ్‌లో రాస్తే చదివే మెకానిక్ ముందు నవ్వుకుంటాడు, తర్వాత మాన్యువల్ మొత్తాన్ని అనుమానిస్తాడు.

కింగ్‌పిన్‌తో ఇంకో చిక్కుంది. ఇంగ్లిష్‌లో ఈ పేరుతో రెండు భాగాలున్నాయి. ఒకటి పైన చెప్పిన ట్రైలర్ మేకు. రెండోది స్టీరింగ్ ఇరుసు చివర చక్రం అటూ ఇటూ తిరగడానికి ఆధారమైన నిలువు కడ్డీ. డచ్‌లో మొదటిది కొప్పెల్‌పెన్, రెండోది ఫ్యూజేపెన్. కింగ్‌పిన్ అనే ఇంగ్లిష్ మాటను కూడా డచ్ రవాణా మనుషులు వాడుతారు కానీ దాంతో వాళ్ల ఉద్దేశం మొదటిదే. పట్టికలో బొమ్మ లేకపోతే ఏది రాయాలి? కొలత ఉంటే బతికిపోవచ్చు. 2 అంగుళాలు, అంటే 50.8 మిల్లీమీటర్లు, అని ఉంటే అది ఐఎస్ఓ 337 ప్రమాణం చెప్పే ట్రైలర్ మేకు. 3.5 అంగుళాలుంటే బాగా బరువైన లోడ్లకు వాడే, ఐఎస్ఓ 4086లో ఉన్న పెద్ద మేకు. రెండూ కాకపోతే స్టీరింగ్ వైపు చూడాలి.

ఇవన్నీ చిన్న చిక్కులు. అసలు చిక్కు ట్రైలర్ అన్న మాట దగ్గరే ఉంది.

ఇంగ్లిష్ నవలలో 'అంకుల్' కనబడితే తెలుగు అనువాదకుడు ఆగిపోవాల్సిందే. అమ్మ తమ్ముడా, నాన్న అన్నా, నాన్న తమ్ముడా, అత్త మొగుడా తెలియకుండా మామయ్య, పెదనాన్న, బాబాయిల్లో ఏదీ రాయలేం. ఇంగ్లిష్ మాటలో ఆ సమాచారం లేదు, తెలుగు మాట అది లేకుండా పుట్టదు. డచ్‌లోకి వెళ్లే ట్రైలర్ పరిస్థితి అచ్చం ఇదే. కాకపోతే ఇక్కడ అడగాల్సిన ప్రశ్న చుట్టరికం గురించి కాదు, బరువు గురించి. వెనక బండి తన బరువంతా తన చక్రాల మీదే మోసుకుంటుందా, లేక కొంత ముందు బండి వీపు మీద వేస్తుందా?

కొంత బరువు ముందు బండి మీద వాలితే అది ఒప్లెఖర్. ఒప్ అంటే పైన, లెఖెన్ అంటే పెట్టడం. పైన మోపేది అన్నమాట. బరువు తన చక్రాల మీదే ఉంచుకుని కేవలం వెనక లాగించుకుంటే అది ఆన్‌హంగ్‌వాఖన్, అంటే వేలాడుతూ వచ్చే బండి. మాటల్లో దాన్నే ఆన్‌హంగర్ అంటారు. ఈ ఆన్‌హంగర్‌కి అనుచరుడు అనే అర్థం కూడా ఉంది. రాజకీయ పార్టీకీ ఫుట్‌బాల్ జట్టుకీ వెనకాల తిరిగేవాళ్లకు డచ్ పత్రికలు వాడేది ఆ మాటే. ఇంగ్లిష్ సెమీ ట్రైలర్ అన్న మాటలో 'సగం' ఉంది కానీ ఏం సగమో చెప్పదు. పైగా అమెరికన్ మాటల్లో సెమీ అంటే ట్రైలర్ కాదు, ముందూ వెనకా కలిపి మొత్తం లారీ.

ఎడ్లబండి తోలినవాళ్లకు ఈ బరువు లెక్క కొత్త కాదు. వెనక ఎక్కువ వేస్తే కాడి పైకి లేచిపోతుంది, ముందు ఎక్కువ వేస్తే ఎడ్ల మెడ మీద పడుతుంది. యూరప్ చట్టం కూడా ట్రైలర్లను ఈ లెక్కతోనే విడదీసింది. యూరోపియన్ యూనియన్ వాహనాల ఆమోదం నిబంధన 2018/858 ప్రకారం ముందు ఇరుసు స్టీరింగ్‌తో తిరిగే ట్రైలర్, లాగే కడ్డీ ద్వారా ముందు బండి మీద వేసే నిలువు బరువు 100 డెకా న్యూటన్ల కంటే తక్కువ ఉండాలి. అంటే సుమారు 100 కిలోల బరువు. ఇరుసులు మధ్యలో ఉండే రకం తన గరిష్ఠ బరువులో 10 శాతం లేదా 1,000 డెకా న్యూటన్లు, ఏది తక్కువైతే అంతవరకు మోపవచ్చు. కదలని గట్టి కడ్డీ ఉన్న ఇంకో రకానికి 4,000 డెకా న్యూటన్ల దాకా అనుమతి ఉంది. సెమీ ట్రైలర్‌లో ఇరుసులు బరువు కేంద్రానికి వెనక ఉంటాయి కాబట్టి ముందు భాగం మొత్తం ఇంజిన్ బండి మీదే ఆనుతుంది.

చట్టం పత్రాలు అనువదించేవాళ్లకు ఇక్కడ ఒక ఊరట. ఈ నాలుగు రకాలకూ భాష మారినా మారని కోడ్‌లున్నాయి. సెమీ ట్రైలర్ డీఏ, ముందు ఇరుసు తిరుగుతూ కడ్డీతో లాగించుకునేది డీబీ, మధ్య ఇరుసుది డీసీ, గట్టి కడ్డీది డీఈ. ఇంగ్లిష్ పత్రంలో కోడ్ ఉంటే డచ్ పేరు వెతుక్కోవడం నిమిషం పని. డీబీకి డచ్ చట్టంలో పేరు ఔటోనోమె ఆన్‌హంగ్‌వాఖన్, డీసీకి మిడెన్‌అస్‌ఆన్‌హంగ్‌వాఖన్. వాహనాల రిజిస్ట్రేషన్ చూసే డచ్ ప్రభుత్వ సంస్థ ఆర్‌డీడబ్ల్యూ రికార్డుల్లోనూ ఇవే పేర్లు. ఈ ఔటోనోమె అన్న మాట తిరుగు ప్రయాణంలో ప్రమాదకరం. డచ్ నుంచి ఇంగ్లిష్‌కి మార్చేవాళ్లు దాన్ని అటానమస్ ట్రైలర్ అని రాస్తే ఈ రోజుల్లో ఎవరైనా డ్రైవర్ లేకుండా తనంతట తాను నడిచే బండి అనుకుంటారు. అక్కడి ఉద్దేశం తన బరువు తానే మోసుకునేది అని మాత్రమే.

డ్రైవర్ల నోట ఈ చట్టం పేర్లు వినబడవు. మధ్య ఇరుసు ట్రైలర్‌ని వాళ్లు విప్‌కార్ అంటారు. విప్ అంటే పిల్లలు రెండు కొసల కూర్చుని పైకీ కిందికీ ఊగే బల్ల. లోడు సరిగ్గా సర్దకపోతే ఆ ట్రైలర్ అలాగే ముందుకో వెనక్కో ఊగుతుంది. ముందు ఇరుసు తిరిగే రకం స్ఖామెల్ ఆన్‌హంగర్. స్ఖామెల్ అంటే ఆ తిరిగే ముందు ఇరుసు అమరిక. విశేషణంగా అదే మాటకు బీద, అరకొర అని అర్థం. లారీ ప్రపంచం తెలియని అనువాదకుడు డచ్ పత్రంలో ఈ మాట చూసి 'బీద ట్రైలర్' అని రాస్తే తప్పు అతనిది కాదు, పని అప్పగించినవాళ్లది.

ఈ ఆన్‌హంగ్‌వాఖన్ డచ్ పరిశ్రమ చరిత్రలో చాలా పెద్ద పేరులో దాక్కుని ఉంది. ఐండ్‌హోవెన్‌లో హుబ్ ఫాన్ డోర్నె 1928లో మొదలుపెట్టిన వర్క్‌షాప్ 1932లో ఫాన్ డోర్నె ఆన్‌హంగ్‌వాఖన్ ఫాబ్రీక్ అయింది, అంటే ట్రైలర్ల ఫ్యాక్టరీ. మూడు మొదటి అక్షరాలు కలిస్తే డాఫ్. 1949లో లారీల తయారీకి దిగాక మధ్య అక్షరానికి ఔటోమొబీల్ అని కొత్త అర్థం ఇచ్చారు, పొట్టి పేరు అలాగే ఉంచారు. ఈనాడు యూరప్ రోడ్ల మీద కనిపించే డాఫ్ లారీ పేరులో 'ఏ' అన్న అక్షరం మొదట ట్రైలర్‌దే.

ట్రైలర్ అన్న ఇంగ్లిష్ మాట డచ్‌లో లేదా అంటే ఉంది. రవాణా ఆఫీసులో 'ట్రైలర్ ఎక్కడుంది' అని అడిగితే సాధారణంగా ఒప్లెఖర్ గురించే. పడవను కారు వెనక లాక్కెళ్లే బండి బోట్‌ట్రైలర్. సినిమా ట్రైలర్ కూడా ట్రైలరే. కానీ అమెరికన్లు 'ట్రైలర్‌లో ఉంటున్నాడు' అంటే అది స్టాకారవన్, ఒకచోట నిలిపి ఉంచే ఇల్లు. కాబట్టి ఇంగ్లిష్ ట్రైలర్‌ని అన్నిచోట్లా డచ్ ట్రైలర్ అని వదిలేయడం దొంగదారి. చిన్న ప్రకటనకు సరిపోతుంది, ఇన్సూరెన్స్ పత్రానికి సరిపోదు. ఆన్‌హంగ్‌వాఖన్‌కి వర్తించే పాలసీ ఒప్లెఖర్‌కి వర్తిస్తుందా అని ఎవరైనా లాయరు అడిగే రోజు వస్తుంది.

ముందు బండి సంగతీ ఇంతే. ట్రాక్టర్ యూనిట్ అంటే డచ్‌లో ట్రెక్కర్, లాగేది. పొలం దున్నే ట్రాక్టర్‌ని కూడా నెదర్లాండ్స్‌లో ట్రెక్కర్ అంటారు. తుపాకి మీటా ట్రెక్కరే, కొండలెక్కి నడిచే పర్యాటకుడూ ట్రెక్కరే. తెలుగు పల్లెల్లో ట్రాక్టర్ అంటే పొలం బండి ఒక్కటే కాబట్టి మనకు ఈ గొడవ లేదు. దాని వెనక తగిలించేదాన్ని మాత్రం ఒక ఊళ్లో తొట్టి, ఇంకో ఊళ్లో ట్రక్కు, మరోచోట ట్రాలీ అంటారు. అంతటా చెల్లే ఒక్క పేరు మన దగ్గరా లేదు. వెనకాల ఏమీ లేకుండా ఒంటరిగా వెళ్లే ఇంజిన్ బండిని అమెరికన్ డ్రైవర్లు బాబ్‌టెయిల్ అంటారు, తోక కత్తిరించిన గుర్రం అనే అర్థంలో. డచ్‌లో అది 'లోసె ట్రెక్కర్', విడిగా ఉన్న ట్రెక్కర్. ఇక్కడ డచ్ మాటలో బొమ్మ లేదు, సమాచారం మాత్రమే ఉంది.

అలాగని డచ్‌లో బొమ్మలు లేవనుకోకూడదు. బొమ్మలు వేరు. ట్రైలర్ చట్రం ముందు భాగం పైకి లేచి వంగి ముందు బండి మీదికి వెళ్లే మెడను ఇంగ్లిష్‌వాళ్లు బాతు మెడ అంటే డచ్‌వాళ్లు జ్వానెన్‌హల్స్, హంస మెడ, అంటారు. బ్రేకు తప్పి ముందు బండీ వెనక బండీ మడతపడితే ఇంగ్లిష్‌లో జాక్‌నైఫ్, అంటే జేబులో పెట్టుకునే మడత కత్తి. అదే ప్రమాదాన్ని డచ్ ట్రాఫిక్ వార్తల్లో స్ఖారెన్ అంటారు, కత్తెరలా మూసుకోవడం. యంత్రాలు మోసే తక్కువ ఎత్తు ట్రైలర్ ఇంగ్లిష్‌లో లో లోడర్, డచ్‌లో డీప్‌లాడర్, లోతు లోడర్. ఇంగ్లిష్ మనిషి నేల నుంచి ఎంత ఎత్తులో ఉందో చూశాడు. డచ్ మనిషి పైనుంచి ఎంత కిందికి దిగిందో చూశాడు. నిలువు కర్రలు గుచ్చే రంధ్రాలు ఇంగ్లిష్‌లో జేబులు, డచ్‌లో కుండలు. ఇరుసుకు ఒక్కో వైపు జంట టైర్లుంటే ఇంగ్లిష్‌లో డ్యూయల్స్, డచ్‌లో డబ్బెల్‌లుఖ్ట్, జంట గాలి! చక్రాన్ని కాదు, లోపలి గాలిని లెక్కపెట్టారు. ఇలాంటిచోట అక్షరాలా అనువదించకూడదని ఎవరూ చెప్పనక్కర్లేదు. డచ్‌వాళ్లు ఏ బొమ్మ ఎంచుకున్నారో తెలియాలి, అంతే. తర్కంతో పట్టుకునే దారి లేదు.

కొన్ని బొమ్మలు సముద్రం నుంచి వచ్చాయి. పక్కలు తెరలా జరిపే ట్రైలర్ ఇంగ్లిష్‌లో కర్టెన్‌సైడర్, అంటే కిటికీ తెర. డచ్‌లో స్ఖౌఫ్‌జెయిలెన్‌ఒప్లెఖర్. అందులోని జెయిల్ అంటే టార్పాలిన్, అంతకంటే ముందు ఓడ తెరచాప. లోడు బిగించి కట్టడం షొర్రెన్, అదీ ఓడల మాటే. ట్రైలర్ ముందు గోడ కొప్‌స్ఖొట్. ఓడలో గదుల మధ్య గోడను కూడా స్ఖొట్ అంటారు. ఈ ఒక్కచోట ఇంగ్లిష్ కూడా బల్క్‌హెడ్ అని ఓడ నుంచే తెచ్చుకుంది, కాబట్టి అనువాదకుడికి పని సులువు.

ముఖం ఒకేలా ఉండి మనసు వేరైన మాటలు ఎక్కువ ఏడిపిస్తాయి. డచ్ రొంగ్ అంటే లోడు పక్కకు జారకుండా నిలబెట్టే నిలువు కర్ర. దాని ఇంగ్లిష్ చుట్టం రంగ్ ఇప్పుడు నిచ్చెన మెట్టు. డచ్ కిప్పర్ అంటే మన టిప్పర్. ఇంగ్లిష్‌లో కిప్పర్ పొగబెట్టిన చేప, డచ్‌లో కిప్ అంటే కోడి. అమెరికన్ డ్రై వ్యాన్ అంటే చుట్టూ మూసిన పెట్టె లాంటి పెద్ద సెమీ ట్రైలర్. వ్యాన్‌ని డచ్ నిఘంటువులో వెతికితే సామాన్లు చేరవేసే చిన్న బండి దొరుకుతుంది, అప్పుడు 16 మీటర్ల ట్రైలర్ కాస్తా పొడిగా ఉన్న ఓమ్నీ అయిపోతుంది. లిఫ్ట్‌గేట్ అమెరికాలో లారీ వెనక సామాను ఎత్తే పలక, అదే అమెరికాలో కారు వెనక తలుపు కూడా. డచ్‌లో మొదటిది లాడ్‌క్లెప్, రెండోది అఖ్టర్‌క్లెప్. బ్రిటిష్‌వాళ్లు మొదటిదాన్ని టెయిల్ లిఫ్ట్ అంటారు కాబట్టి వాళ్ల పత్రంతో ఈ గందరగోళం రాదు.

ఇంగ్లిష్ నుంచి అనేటప్పుడు ఏ ఇంగ్లిష్ అన్న ప్రశ్న ఇలాగే వస్తుంది. గాలి గొట్టాల కొసన ఉండే జోడీని అమెరికన్లు గ్లాడ్‌హ్యాండ్ అంటారు, ఒకదాన్నొకటి షేక్‌హ్యాండ్ చేసుకున్నట్టు కలుస్తాయి కాబట్టి. బ్రిటిష్ డ్రైవర్లు ఆ చుట్టల గొట్టాలను సూజీలు అంటారు. రెండిటికీ డచ్‌లో మారుపేర్లు వెతకడం అనవసరం, గాలి కప్లింగ్, గాలి గొట్టం అని సాదాగా రాస్తే చాలు. రంగుల దగ్గర మాత్రం ఒళ్లు దగ్గర పెట్టుకోవాలి. అమెరికాలో బ్రేకు గొట్టాల రంగులు ఎరుపు, నీలం. యూరప్‌లో ఎరుపు, పసుపు. నీలాన్ని నీలం అనే అనువదిస్తే భాష ప్రకారం ఒప్పే, డచ్ మెకానిక్ ముందున్న బండిలో మాత్రం నీలం గొట్టం ఉండదు. ఇలాంటిచోట క్లయింట్‌కి చెప్పి వాక్యమే మార్చాలి. అనువాదకుడి పని ఇది కాదని వాదించేవాళ్లున్నారు, కానీ బ్రేకుల విషయంలో ఆ వాదన నిలవదు.

రోడ్ ట్రైన్ అన్న మాట తీసుకుంటే, యూరోపియన్ నిబంధనల్లో ఒక లారీ, దాని వెనక ఒక ట్రైలర్, మొత్తం పొడవు 18.75 మీటర్లు. ఆస్ట్రేలియా ఎడారి రోడ్ల మీద అదే మాటకు వరసగా తగిలించిన ట్రైలర్లతో 53.5 మీటర్ల దాకా సాగే వాహనం అని అర్థం. నెదర్లాండ్స్‌కి తనదైన పొడవు బండి ఉంది, 25.25 మీటర్లు, 60 టన్నులు. చట్టంలో ఎల్‌జెడ్‌వీ, మాటల్లో ఎకోకాంబీ. ఇంగ్లిష్ పత్రంలో మెగాట్రక్ అని ఉంటే ఉద్దేశం అదేనా కాదా అని కొలత చూసి తేల్చుకోవాలి.

అంకెలు కూడా అనువాదమే. అమెరికన్ 53 అడుగుల ట్రైలర్ 16.15 మీటర్లు. యూరప్‌లో ఇంజిన్ బండితో కలిపి మొత్తం వాహనానికే మామూలు పరిమితి 16.5 మీటర్లు. అమెరికన్ కేటలాగును డచ్‌లోకి మార్చే మనిషి అడుగులను మీటర్లు చేసి ఊరుకుంటే, చదివేవాడు డచ్ రోడ్డు మీదికి తీసుకురాలేని వస్తువు ప్రకటన చదువుతాడు. ఇక చుక్క, కామా. ఇంగ్లిష్‌లో 2.55 మీటర్ల వెడల్పు డచ్‌లో కామాతో 2,55 అవుతుంది, 40,000 కిలోలు చుక్కతో 40.000 అవుతాయి. తిరగేయడం మర్చిపోతే నలభై వేల కిలోలు నలభై కిలోలుగా చదవొచ్చు. అమెరికన్ టన్ను 907 కిలోలు, డచ్ టొన్ 1,000 కిలోలు. ఇల్లు అమ్మేవాడి నోట అదే టొన్ అంటే లక్ష యూరోలు. లక్షకు ఒక మాట పెట్టుకున్న యూరోపియన్లను చూస్తే తెలుగువాళ్లకు కాస్త ముచ్చటేస్తుంది.

బ్రాండ్ పేర్లు ఇంకో రకం తలనొప్పి. కర్టెన్‌సైడర్‌ని నెదర్లాండ్స్‌లో, బెల్జియంలో చాలామంది టాట్‌లైనర్ అంటారు. అది ఒక బ్రిటిష్ కంపెనీ పెట్టిన వ్యాపార నామం. నేల పలకలే కదిలి సరుకును బయటికి నెట్టే ట్రైలర్‌ని వాకింగ్ ఫ్లోర్ అనడం అలవాటు, అది అమెరికాలోని కీత్ కంపెనీ ట్రేడ్‌మార్క్. డచ్ ఊరు కూవోర్డెన్‌లో అలాంటి నేలలే చేసే కార్గో ఫ్లోర్ కంపెనీ ఉంది, ఆ పేరూ జనం నోట రకం పేరుగా తిరుగుతుంది. మనం ఫొటోకాపీని జిరాక్స్ అన్నట్టే. డ్రైవర్ల మధ్య ఏ పేరైనా నడుస్తుంది. కానీ ఒక తయారీదారు కేటలాగులో పోటీదారు ట్రేడ్‌మార్క్‌ని సాధారణ నామంగా రాస్తే ఉత్తరం వచ్చేది లాయరు దగ్గర్నుంచి. జరిగే నేల అనే అర్థమొచ్చే స్ఖౌఫ్‌ఫ్లూర్ అంత అందంగా లేకపోయినా అక్కడ అదే రాయాలి.

డచ్ రాతలో సమాసం విడగొట్టకూడదు. ఇంగ్లిష్‌లో మూడు ముక్కలుగా ఉన్నది డచ్‌లో ఒక్క పొడుగు పదమవుతుంది, మిడెన్‌అస్‌ఆన్‌హంగ్‌వాఖన్ లాగా. ఇంగ్లిష్ చూసి ఖాళీలు పెట్టి రాసే అలవాటుకు డచ్‌వాళ్లు పెట్టిన పేరు 'ఎంగెల్సె జీక్టె', ఇంగ్లిష్ జబ్బు. పిల్లల ఎముకలు వంగే రికెట్స్ వ్యాధికి డచ్‌లో ఉన్న పాత పేరునే ఇక్కడా వాడుకున్నారు. సంస్కృత సమాసాల మధ్య పెరిగిన తెలుగు పాఠకుడికి ఒక్క పదం అంత పొడవుండటం వింతేం కాదు. పట్టిక గడిలో ఆ పదం పట్టకపోవడమే అసలు బాధ. ఇంగ్లిష్ మాటకు సరిపోయేలా గీసిన గడిలోంచి డచ్ పదం బయటికి పొడుచుకొస్తుంది.

చట్టం భాషా వర్క్‌షాప్ భాషా కలవని చోట ఏది రాయాలన్నది పత్రాన్ని బట్టి ఉంటుంది. ట్రాఫిక్ చట్టంలో లారీ వ్రఖ్ట్‌ఔటో, వీధిలో వ్రఖ్ట్‌వాఖన్. చిన్న వాహనం లారీ కిందికి దూరిపోకుండా అడ్డుపడే పట్టీని ఇంగ్లిష్‌లో అండర్‌రన్ ప్రొటెక్షన్ అంటారు. యూరోపియన్ ఆదేశాల డచ్ పాఠంలో దానికి క్లెమ్‌రెయిడెన్ నుంచి రక్షణ అని ఉంది. మామూలు డచ్‌లో క్లెమ్‌రెయిడెన్ అంటే పోలీసులు దొంగ కారును అటూ ఇటూ అడ్డగించి ఇరికించడం. పేరు బాగాలేదు. డ్రైవర్లు ఒండర్‌రెయ్ అనో స్టోట్‌బల్క్ అనో అంటారు. అయినా ఆమోద పత్రంలో క్లెమ్‌రెయిడెన్ అనే రాయక తప్పదు, ఎందుకంటే తనిఖీ చేసే అధికారి చేతిలో ఉన్న పాఠంలో ఆ మాటే ఉంటుంది. మాన్యువల్‌లో మాత్రం అది రాస్తే మెకానిక్ పోలీసుల గురించి ఆలోచిస్తాడు. యూరోపియన్ యూనియన్ వాడే ఐఏటీఈ పదకోశం మొదటి రకం పత్రానికి బంగారం, రెండో రకానికి అంత నమ్మదగింది కాదు.

బెల్జియం ఫ్లాండర్స్‌లోనూ భాష డచ్చే. రాతలో తేడా కొంచెమే. మాటల్లో మాత్రం అక్కడి డ్రైవర్ లారీని కామియోన్ అనీ, వెనక బండిని రెమోర్క్ అనీ అంటాడు, రెండూ ఫ్రెంచ్ నుంచి వచ్చినవి. మాన్యువల్‌లో ఇవి రాయరు. కానీ డ్రైవర్ ఇచ్చిన ప్రమాద వాంగ్మూలం చదివేవాళ్లకు తెలిసి ఉండాలి.

ఎప్పుడూ ఇంగ్లిష్‌లోనే సమాచారం తక్కువ అనుకుంటే పొరపాటు. డచ్ అస్ అన్న చిన్న మాటలో ఇరుసు, తిరిగే షాఫ్ట్, రేఖాగణితంలో అక్షం, పొయ్యిలో బూడిద అన్నీ ఉన్నాయి. ఇంగ్లిష్ యాక్సిల్, షాఫ్ట్ అని విడిగా చెప్పినదాన్ని డచ్ ఒకే సంచీలో వేస్తుంది. విడదీయాలంటే ముందు ఇంకో మాట తగిలించాలి, లేకపోతే ఏది విరిగిందో తెలియదు.

పదకోశాలూ, పాత అనువాదాలను దాచుకుని మళ్లీ చూపించే అనువాద జ్ఞాపక సాఫ్ట్‌వేర్లూ ఇదంతా తేల్చేస్తాయా అంటే, వాక్యం ఉన్నచోట యంత్రాలు ఇప్పుడు బాగానే పట్టుకుంటున్నాయి. పక్కన ట్రాక్టర్, లోడు, బ్రేకు కనబడితే ల్యాండింగ్ గేర్ విమానానిది కాదని తెలిసిపోతుంది. విడిభాగాల పట్టికలో వాక్యం ఉండదు. ఒంటరిగా నిలబడిన మాటకు యంత్రం తనకు బాగా అలవాటైన అర్థాన్నే ఇస్తుంది. ఒకసారి ఆ తప్పు జ్ఞాపకంలో చేరిందా, తర్వాతి పట్టికల్లోకి నూటికి నూరు శాతం సరిపోలిక అన్న గుర్తుతో వచ్చి కూర్చుంటుంది. ఆ గుర్తు చూశాక మళ్లీ తిరగేసి చూసేవాళ్లు తక్కువ, పైగా చాలాచోట్ల అలాంటి వరసలకు డబ్బులు కూడా తక్కువే ఇస్తారు.

అందుకే ఈ రంగంలో అనుభవమున్నవాళ్లు మొదట అడిగేది పదకోశం కాదు, బొమ్మలున్న కేటలాగు. అది లేకపోతే ఒక్క ప్రశ్న రాసి పంపుతారు: ఈ ట్రైలర్ ముందు భాగంలో కిందికి దిగిన మేకు ఉందా, లేక ముందుకు చాచిన కడ్డీ కొసన కన్నం ఉందా? మేకు అని జవాబొస్తే ఒప్లెఖర్. కన్నం అయితే ఆన్‌హంగ్‌వాఖన్, ఆ కన్నానికి ట్రెక్‌ఓఖ్ అని పేరు, లాగే కన్ను. దాన్ని నోట కరచుకునే ముందు బండి కొక్కెం వంగ్‌మౌల్, పట్టుకునే మూతి. జవాబు వచ్చేదాకా ఆ గడిని ఖాళీగానే ఉంచుతారు.